1972 దగ్గర ఆగిపోయిన తేదీ: అమెరికాలో పత్రాలు లేని వలసదారుల చర్చకు నేపథ్యం

అమెరికా వలస చట్టంలో 249వ సెక్షన్ అని ఒకటుంది. 1972 జనవరి 1కి ముందు దేశంలోకి వచ్చి, అప్పటినుంచి అక్కడే నివసిస్తూ, సత్ప్రవర్తన కలిగిన వ్యక్తికి, సరిహద్దు దాటి వచ్చినా, వీసా గడువు తీరాక ఉండిపోయినా, శాశ్వత నివాస హోదా ఇవ్వవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. వాడుకలో దీన్ని రిజిస్ట్రీ అంటారు. ఇది రద్దు కాలేదు, ఇవాళ్టికీ అమలులోనే ఉంది. కాకపోతే దీన్ని వాడుకోవాలంటే అర్ధశతాబ్దానికి పైగా ఆ దేశంలో పత్రాలు లేకుండా బతికి ఉండాలి. అలాంటివారు ఎందరుంటారు? ఈ తేదీ ఎందుకు పుట్టిందో, నాలుగుసార్లు ఎందుకు ముందుకు జరిగిందో, ఆ తర్వాత ఎందుకు కదలకుండా పోయిందో తెలిస్తే, ఇప్పుడు నడుస్తున్న వాదోపవాదాలు చాలావరకు బోధపడతాయి.

ముందు పేర్ల సంగతి. తెలుగు పత్రికలు 'అక్రమ వలసదారులు' అని రాస్తాయి. అమెరికాలో ఉండే తెలుగువారు 'స్టేటస్ పోయింది', 'పేపర్లు లేవు' అంటారు. అక్కడి చట్టం దృష్టిలో ఇందులో రెండు రకాలవారున్నారు. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి రావడం నేరం. సక్రమంగా వీసా మీద వచ్చి గడువు తీరాక ఉండిపోవడం నేరం కాదు, పౌర చట్టపు ఉల్లంఘన మాత్రమే. ఇద్దరినీ దేశం నుంచి పంపించివేయవచ్చు. అయినా ఈ తేడా చిన్నదేమీ కాదని ముందు ముందు తెలుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం అమెరికాలో పత్రాలు లేని వలసదారు అన్న మాటకే అర్థం లేదు, ఎందుకంటే రావడానికి పత్రమే అక్కర్లేదు. 1882లో చైనా కార్మికుల రాకను నిషేధించారు. 1917లో ఆసియాలో అధికభాగాన్ని, భారతదేశంతో సహా, నిషిద్ధ మండలంగా గీశారు. 1921లో తాత్కాలికంగా, 1924లో శాశ్వతంగా దేశాలవారీ కోటాలు వచ్చాయి. 1924 చట్టం 1890 నాటి జనాభా లెక్కల్లో ఆయా దేశాలవారు ఎందరున్నారో చూసి, అందులో 2 శాతానికి మించి ఏటా రానివ్వకూడదని లెక్కకట్టింది. ఇటలీ, పోలండ్ వంటి దేశాలవారు పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది 1890 తర్వాత కాబట్టి, ఆ ఏడాదిని యథాలాపంగా ఎంచుకున్నారని నమ్మడం కష్టం. 1924 మే నెలలోనే సరిహద్దు కాపలా దళమైన బోర్డర్ పెట్రోల్ ఏర్పడింది. మెక్సికోకు మాత్రం కోటా పెట్టలేదు. టెక్సస్, కాలిఫోర్నియా పొలాలకు అక్కడి కూలీలు కావాలి.

కోటా రాగానే కోటాకు వెలుపల ఉన్నవారూ తయారయ్యారు. అప్పటికే వచ్చి స్థిరపడి, రాక నమోదు కాని యూరోపియన్లను ఏం చేయాలన్న ప్రశ్న అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందుకు వచ్చింది. 1929 మార్చిలో రెండే రోజుల తేడాతో వెలువడిన రెండు చట్టాలు ఈ దేశపు ద్వంద్వ వైఖరిని అప్పుడే బయటపెట్టాయి. మార్చి 2 నాటి రిజిస్ట్రీ చట్టం, 1921 జూన్ 3కి ముందు వచ్చి అక్కడే ఉంటున్నవారు 20 డాలర్లు కట్టి నమోదు చేసుకుంటే శాశ్వత నివాసులుగా గుర్తిస్తామంది. మార్చి 4 నాటి చట్టం, తనిఖీ లేకుండా సరిహద్దు దాటడాన్ని మొదటిసారి నేరంగా ప్రకటించింది. మొదటిదాని లబ్ధిదారులు ఎక్కువగా యూరప్, కెనడాల నుంచి వచ్చినవారు. రెండోదాని బరువు ఎక్కువగా మెక్సికన్ల మీద పడింది. ఇక భారతీయులకు మొదటి తలుపు తెరుచుకోనే లేదు. పౌరసత్వానికి అర్హత లేనివారికి రిజిస్ట్రీ వర్తించదు. భారతీయులకు ఆ అర్హత లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు అప్పటికే తేల్చేసింది.

ఎంత పక్షపాతంతో నడిచినా, రిజిస్ట్రీలో ఒక వివేకం ఉంది. కొన్నేళ్లు గడిచాక మనిషి వేళ్లూనుకుంటాడని, అప్పుడు పెకలించడం కంటే గుర్తించడమే మేలని అది ఒప్పుకుంది. అందుకే కాంగ్రెస్ ఆ తేదీని 1924కు, తర్వాత 1940కి, తర్వాత 1948కి జరుపుతూ వచ్చింది. ఏ సందర్భంలోనూ అది జాతీయ స్థాయి రగడ కాలేదు.

మెక్సికో కథ వేరే దారిలో నడిచింది. రెండో ప్రపంచయుద్ధంలో కూలీల కొరత తీర్చుకోవడానికి 1942లో మొదలైన బ్రసేరో పథకం 1964 చివరిదాకా సాగింది, నలభై లక్షలకు పైగా ఒప్పందాల మీద మెక్సికన్ కూలీలను తెచ్చింది. పథకంలో చోటు దొరకనివారు సొంతంగా సరిహద్దు దాటి అవే పొలాల్లో పనిచేశారు. 1952 చట్టం అలాంటివారికి ఆశ్రయమివ్వడం నేరమంటూనే, ఉద్యోగమివ్వడం ఆశ్రయం కిందికి రాదని మినహాయించింది. టెక్సస్ రైతుల కోసం పెట్టిన మినహాయింపు కనుక దానికి టెక్సస్ ప్రొవైజో అనే పేరు నిలిచింది. రెండేళ్లకు, 1954లో, ఐసెన్‌హోవర్ ప్రభుత్వం అదే కూలీలను పెద్దఎత్తున పట్టుకుని సరిహద్దు అవతల దింపింది. పని ఇచ్చినవాడికి మినహాయింపు, పని చేసినవాడికి బహిష్కరణ.

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ లిబర్టీ ద్వీపంలో సంతకం చేసిన చట్టం జాతుల కోటాలను రద్దు చేసింది. ఆసియా దేశాలవారికి తలుపులు తెరిచిన చట్టంగా మనం దాన్ని గుర్తుపెట్టుకున్నాం. దానికి రెండో పార్శ్వం ఉంది. పశ్చిమార్ధగోళం, అంటే ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల దేశాల నుంచి వచ్చేవారికి ఏడాదికి 1,20,000 అన్న పరిమితిని అది మొదటిసారి పెట్టింది, 1968లో ఆ పరిమితి అమలులోకి వచ్చింది. 1976లో ఒక్కో దేశానికి 20,000 అన్న గీత మెక్సికోకూ వర్తించింది. అంతకు కొన్నేళ్ల ముందే బ్రసేరో ముగిసింది. మనుషులు మారలేదు, పొలాలు మారలేదు, దారులు మారలేదు. నిన్నటిదాకా సక్రమంగా సాగిన రాకపోకల్లో పెద్దభాగం ఒక చట్టపు మార్పుతో అక్రమమైంది.

ఆ లెక్క సరిచేయాలన్న ప్రయత్నమే 1986 నవంబరు 6న రీగన్ సంతకం చేసిన చట్టం. అందులో బేరం తేటగా ఉంది: ఇప్పటికే ఉన్నవారికి హోదా, ఇకముందు పత్రాలు లేనివారికి పని ఇస్తే యజమానికి జరిమానా. 1982 జనవరి 1కి ముందు వచ్చి ఎడతెగకుండా ఉన్నవారు ఒక పద్ధతిలో, పొలాల్లో కనీసం 90 రోజులు పనిచేసిన కూలీలు మరో పద్ధతిలో దరఖాస్తు చేసుకోవచ్చు. రిజిస్ట్రీ తేదీ 1972కు జరిగిందీ ఇదే చట్టంతోనే. మొత్తం మీద సుమారు 27 లక్షల మందికి హోదా దక్కింది.

దరఖాస్తు చేసుకోవడం ఎలాంటి పనో కాస్త దగ్గరగా చూడాలి. 1987 మే నుంచి 1988 మే దాకా, ఏడాదే గడువు. అయిదేళ్లు ఎవరి కంటా పడకుండా బతికినవారు, ఆ అయిదేళ్లూ ఇక్కడే ఉన్నామని ఇప్పుడు కాగితాల మీద నిరూపించాలి. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, జీతం చిట్టీలు, పిల్లల బడి రికార్డులు, చర్చి ఫాదరీ రాసిచ్చిన ఉత్తరం, ఏది దొరికితే అది. జీతం నగదుగా అందుకున్నవారికి చిట్టీ ఉండదు. వేరే పేరుతో పనిచేసినవారు ఆ పేరూ తనదేనని మళ్లీ రుజువు చేసుకోవాలి. మధ్యలో కొద్దిరోజులు సొంత దేశానికి వెళ్లొస్తే నివాసం తెగినట్టా కాదా అన్న ప్రశ్న మీద, అధికారులు తిప్పిపంపిన దరఖాస్తుల మీద నడిచిన దావాలు 2004లో గానీ రాజీకి రాలేదు.

బేరంలో రెండో సగం నిలబడలేదు. కొత్త ఉద్యోగి చూపిన పత్రం అసలుదిలా కనిపిస్తే చాలు, అసలుదో కాదో తేల్చే బాధ్యత యజమానికి లేదు. దాంతో ఉద్యోగి పత్రాలు చూశామని యజమాని రాసిపెట్టే ఐ-9 ఫారం నింపడం ఒక తంతుగా మారి, నకిలీ కార్డుల వ్యాపారం పుంజుకుంది. 1982 తర్వాత వచ్చినవారిని చట్టం తాకనే లేదు. అర్హుల భార్యాపిల్లల్లో చాలామందికీ అందులో చోటు లేకపోయింది. ప్యూ అనే పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 1990లో 35 లక్షలున్న పత్రాలు లేనివారు 2007 నాటికి 1 కోటి 22 లక్షలయ్యారు. క్షమాభిక్ష ఇస్తే మరింతమంది వస్తారని వ్యతిరేకులు ఈ అంకెనే చూపిస్తారు. కూలీల అవసరానికి తగిన సక్రమ దారిని 1986లో వేయకపోవడమే అసలు లోపమని సమర్థకులు అదే అంకెతో వాదిస్తారు. నా అంచనాలో రెండో వాదనకే బలమెక్కువ. డిగ్రీ, అమెరికాలో దగ్గరి బంధువు రెండూ లేని కూలీకి ఉద్యోగం ద్వారా దొరికే గ్రీన్‌కార్డులు 1990 చట్టం ప్రకారం ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 10,000. ఆ తర్వాత అవీ తగ్గాయి. 'వరుసలో నిలబడి రావచ్చు కదా' అనేవారు, అలాంటి కూలీకి వరుసే లేదన్న సంగతిని దాటేస్తుంటారు. అయితే హెచ్-1బీ మీద వచ్చి, దేశాలవారీ పరిమితి వల్ల గ్రీన్‌కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూస్తున్న భారతీయులు, 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల వరుసలోంచి జారిపోయే వారి పిల్లలు 'మా మాటేమిటి' అని అడగడంలో అసూయ కంటే న్యాయమే ఎక్కువ.

'క్షమాభిక్ష' అన్న మాట మన పాఠకులకు గల్ఫ్ వార్తల ద్వారా పరిచయం. అక్కడ ఆ మాటకు ఎక్కువగా జరిమానా లేకుండా ఇంటికి వెళ్లిపోవచ్చని అర్థం. అమెరికాలో ఉండిపోవచ్చని అర్థం. 1986 తర్వాత అక్కడ అది విధానం పేరుగా మిగలలేదు, తిట్టుగా మారింది. జరిమానాలు, పన్ను బకాయిలు, పదేళ్ల నిరీక్షణ ఎన్ని షరతులు పెట్టినా ఏ బిల్లుకైనా ముందుగా అతికించే పేరు అదే.

1990లలో గాలి పూర్తిగా మళ్లింది. 1994లో కాలిఫోర్నియా ఓటర్లు పత్రాలు లేనివారికి బడి, వైద్యం నిరాకరించే 187వ ప్రతిపాదనను గెలిపించారు. కోర్టులు దాన్ని అడ్డుకున్నాయి. అదే ఏడాది శాన్ డియాగో దగ్గర కంచె, కాపలా పెరిగాయి. దాటడం కష్టమూ ఖరీదూ అయ్యేసరికి, పంటకాలంలో వచ్చి ఇంటికి తిరిగి వెళ్లే కూలీలు వెళ్లడం మానేసి కుటుంబాలనే రప్పించుకున్నారని ఈ రంగాన్ని అధ్యయనం చేసిన పలువురు చూపించారు.

1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం తెచ్చిన చిక్కుముడి అమెరికాలోనే చాలామందికి తెలియదు. పత్రాలు లేకుండా 180 రోజులు దాటి ఉండి దేశం విడిచినవారు మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి విడిచినవారు పదేళ్లు తిరిగి రాకూడదు. సరిహద్దు దాటి వచ్చి పదిహేనేళ్లుగా ఉంటున్న స్త్రీ అమెరికా పౌరుణ్ని పెళ్లి చేసుకుందనుకుందాం. భర్త ద్వారా గ్రీన్‌కార్డుకు ఆమె అర్హురాలే. కానీ తనిఖీ లేకుండా వచ్చినందుకు దేశంలో ఉండగానే హోదా మార్చుకోలేదు, ఇంటర్వ్యూకు సొంత దేశంలోని కాన్సులేట్‌కు వెళ్లాలి. ఇలా బయట అడుగు పెట్టగానే అలా పదేళ్ల నిషేధం అమలవుతుంది. ఆమె వీసా మీద వచ్చి గడువు మీరి ఉండిపోయినదే అయితే, మామూలుగా ఈ ప్రయాణమే అక్కర్లేదు. మొదట చెప్పిన తేడా ఇక్కడ పదేళ్ల తేడా అవుతోంది. వెయ్యి డాలర్ల జరిమానాతో ఈ ముడి విప్పే 245(ఐ) సెక్షన్‌కు అర్హత, 2001 ఏప్రిల్ 30లోపు పిటిషన్ వేసినవారి దగ్గర ఆగిపోయింది. 2013 నుంచి, భార్య లేదా భర్తకు, తల్లిదండ్రులకు తీవ్రమైన ఇక్కట్లు వస్తాయని ముందుగా రుజువు చేసుకుంటే నిషేధం నుంచి మినహాయింపు తీసుకుని వెళ్లే వీలుంది. అదీ అందరికీ దొరకదు.

తర్వాతి కాంగ్రెస్ చరిత్ర ఓటమి జాబితా. 2001 సెప్టెంబరు మొదటివారంలో బుష్, మెక్సికో అధ్యక్షుడు ఫాక్స్ వలసల ఒప్పందం గురించి వాషింగ్టన్‌లో మాట్లాడుకున్నారు. కొద్దిరోజులకే సెప్టెంబరు 11 దాడులతో ఆ మాట మరుగున పడింది. 2006లో పత్రాలు లేనివారికి హోదా ఇచ్చే బిల్లును సెనేట్ ఆమోదించింది, ప్రతినిధుల సభ చేపట్టలేదు. 2007లో సెనేట్‌లోనే ఆగింది. చిన్ననాడు వచ్చిన పిల్లల కోసం పెట్టిన డ్రీమ్ చట్టానికి 2010లో సెనేట్‌లో 55 ఓట్లు వచ్చాయి, కావలసింది 60. 2013లో 13 ఏళ్ల మీద పౌరసత్వానికి దారి చూపే బిల్లు 68-32తో సెనేట్‌లో గెలిచినా, ప్రతినిధుల సభ స్పీకర్ దాన్ని ఓటింగ్‌కే తేలేదు.

కాంగ్రెస్ చేయలేనిది అధ్యక్షులు ఉత్తర్వులతో చేయబోయారు. 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం ప్రకటించిన డాకా, 16 ఏళ్లలోపు వచ్చి, 2007 జూన్ 15 నుంచి ఉంటున్న యువతకు రెండేళ్లకోసారి పునరుద్ధరించుకునే రక్షణను, పని అనుమతిని ఇచ్చింది. ఎనిమిది లక్షల మందికి పైగా దాన్ని పొందారు. అది హోదా కాదు, బహిష్కరణ వాయిదా మాత్రమే. ట్రంప్ ప్రభుత్వం 2017లో రద్దు చేయబోతే, చేసిన తీరు సరిగా లేదని 2020లో సుప్రీంకోర్టు 5-4తో ఆపింది. 2021లో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొత్త దరఖాస్తుల ఆమోదాన్ని నిలిపేసింది. 2007 నాటి ఆ తేదీ కూడా జరగలేదు. ఇప్పుడు హైస్కూల్లో ఉన్నవారిలో చాలామంది ఆ తర్వాత పుట్టినవారే.

2021లో డెమోక్రాట్లు రిజిస్ట్రీనే మళ్లీ బయటికి తీశారు. తేదీని 2010కి జరిపే ప్రతిపాదనను బడ్జెట్ బిల్లులో చేర్చబోతే, అది బడ్జెట్ పరిధిలోకి రాదని సభా నియమాలు చెప్పే అధికారి, సెనేట్ పార్లమెంటేరియన్, తోసిపుచ్చారు. 2022లో ఏడేళ్లు నివసించిన ఎవరికైనా, తేదీతో పని లేకుండా, వర్తించే బిల్లు పెట్టారు. అది ఓటింగ్ దాకా రాలేదు. ఈలోగా సంఖ్య పెరిగింది. ప్యూ అంచనా 2023కు 1 కోటి 40 లక్షలు. అందులో 60 లక్షలకు పైగా ఆశ్రయ దరఖాస్తు వంటి ఏదో ఒక తాత్కాలిక రక్షణ ఉన్నవారే.

ట్రంప్ రెండోసారి వచ్చాక, 2025 ఏప్రిల్ 11 నుంచి మరో నమోదు మొదలైంది. 1940 నాటి విదేశీయుల నమోదు చట్టాన్ని ఆధారం చేసుకుని, పత్రాలు లేనివారితో సహా అంతకుముందు నమోదు కాని 14 ఏళ్లు దాటిన విదేశీయులందరూ వివరాలు, వేలిముద్రలు ఇవ్వాలని, 18 దాటినవారు ఆ రుజువును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఆదేశించారు. ఇవ్వకపోతే శిక్ష. ఇచ్చినంత మాత్రాన ఎలాంటి వలస హోదా రాదని ఆ నిబంధనే చెబుతోంది. 1929లో 20 డాలర్లతో నివాసం ఇచ్చిన రిజిస్ట్రీ మాత్రం 249వ సెక్షన్‌లో, 1972 జనవరి 1 అన్న తేదీతో, అలాగే ఉంది.