కుక్కర్లో కూర్చుని ప్రయాణం

చిరంజీవులు బుజ్జికీ, చిన్నూకీ తాతయ్య ఆశీస్సులు.

‘ఎయిర్‌పోర్ట్’ సినిమా చూసి మీరు పంపిన రెండు ప్రశ్నలూ అందాయి. బీమా డబ్బు కోసం ఒకడు పెట్టెలో తెచ్చిన బాంబు గాల్లో పేలినా విమానం ముక్కలవలేదేం అన్నది చిన్నూది. ఎప్పుడో 1970లో వచ్చిన సినిమాని, చివరికి విమానం దిగుతుందని తెలిసి కూడా పెద్దవాళ్లు ఇంకా కళ్లప్పగించి చూస్తారెందుకన్నది బుజ్జిది. ముందు చిన్నూ సంగతి చూద్దాం, అది వంటింట్లో తేలిపోతుంది.

మూత లోపలి నుంచి పట్టే హాకిన్స్ కుక్కర్ ఉంటే తెచ్చుకోండి. (మా చిన్నప్పుడు కట్టెల పొయ్యి మీద గంజి వార్చిన అన్నమే. కుక్కరు ఉంటే ఈ పాఠం నాకూ ముందే వచ్చేది.) మూతను ఏటవాలుగా లోపలికి దింపి, పైకి లాగి, పిడి బిగిస్తారు. ఆవిరి పెరిగేకొద్దీ మూత అంచుకు ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. ఆవిరి పోయేదాకా భీముడొచ్చినా తీయలేడు. సినిమాలో చూసిన బోయింగ్ 707 తలుపులదీ ఇదే పద్ధతి. ముందు కాస్త లోపలికి లాగి, పక్కకు తిప్పితేనే బయటికి వస్తాయి. పైకి వెళ్లాక లోపలి గాలే వాటిని గుమ్మానికేసి అదిమి పెడుతుంది.

35,000 అడుగుల ఎత్తులో బయట గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో పావు వంతే. లోపల ముప్పావు వంతు దాకా ఉంచాలి, లేకపోతే మనం స్పృహ తప్పుతాం. అందుకని నొక్కిన గాలిని ఆగకుండా లోపలికి పంపుతూ, ఎక్కువైనదాన్ని ఒక వాల్వు గుండా వదిలేస్తుంటారు. అదే మన విజిల్ అనుకోండి, కూత వేయదంతే. కుక్కర్లో చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి. విమానంలో లోపలికీ బయటికీ తేడా అర కిలో పైచిలుకే. ఓస్ ఇంతేనా అనకండి. 700 చదరపు సెంటీమీటర్ల కిటికీ మీద అది 350 కిలోలు దాటుతుంది!

బాంబు పేలి మూడడుగుల కన్నం పడగానే ఆ గాలంతా ఒక్కసారి బయటికి దూకుతుంది. చటుక్కున చల్లబడి, లోపలి తేమ పొగమంచులా కమ్ముకుంటుంది. అది నిప్పు పొగ కాదు. పైలట్ వెంటనే విమానాన్ని 10,000 అడుగులకు దించాలి. 35,000 అడుగుల దగ్గర ఆక్సిజన్ మాస్కు లేకుండా తెలివిగా ఉండగలిగేది 30 సెకన్ల నుంచి నిమిషం. పక్కవాళ్ల మాస్కు తర్వాత, ముందు మీది పెట్టుకోమని చెప్పేది ఇందుకే. లోపలా బయటా గాలి సమమయ్యాక విమానం ఒంటి రేకును బయటికి తోసే ఒత్తిడి ఉండదు. రెక్కలూ తోకా మాట వింటుంటే విమానం ఎగురుతూనే ఉంటుంది.

అయినా చిన్నూ అనుమానం న్యాయమైనదే. 1962 మే 22న అమెరికాలో నిజంగానే ఒకడు ఇలాగే బీమా డబ్బు కోసం 707 వెనక బాత్రూంలో డైనమైట్ పేల్చాడు. తోక ఊడిపోయింది. 45 మందీ పోయారు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 737కి 24,000 అడుగుల ఎత్తులో పైకప్పు 18 అడుగుల మేర లేచిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయింది, మిగతా 94 మందితో విమానం దిగింది. అక్కడ బాంబేమీ లేదు. దాదాపు 90,000 సార్లు ఎక్కి దిగిన విమానం అది. ఎక్కినప్పుడల్లా ఒళ్లు ఉబ్బి, దిగినప్పుడల్లా తగ్గి, రేకుల్ని కలిపి బిగించే రివెట్ల వరసన సన్నని పగుళ్లు పుట్టాయి. కుక్కర్ గాస్కెట్టయితే అరిగిందని మార్చేస్తాం. ఇక్కడ పగులు కంటికి ఆనదు, వెతికి పట్టుకోవాలి.

ఇక బుజ్జి ప్రశ్న. ఈ సినిమాలో బాంబు పేలేది చాలా ఆలస్యంగా. అంతవరకూ చూపించేది పని. మంచు తుపానులో ఒక విమానం పెద్ద రన్‌వేకి అడ్డంగా కూరుకుపోతుంది. చక్రాల ముందు మంచు తవ్వించి, ఇంజిన్లను మితిమీరి తిప్పి దాన్ని బయటికి లాగే జో పాట్రోనీ, కింద చీవాట్లు తినే ఎయిర్‌పోర్టు మేనేజరు, టికెట్ లేకుండా ఎక్కే బామ్మ, అందరూ మనకు పరిచయమయ్యాకే ప్రమాదం వస్తుంది. బామ్మ వేషం వేసిన హెలెన్ హేస్‌కు దానికే ఆస్కార్ వచ్చింది. పెట్టెలో ఏముందో మనకు తెలుసు, పక్క సీటువాళ్లకు తెలియదు. పట్టు అక్కడుంది. బాంబు వాడు మెత్తబడి పెట్టె ఇచ్చేయబోతుంటే, ఎవడో ప్రయాణికుడు నోరు పట్టలేక అరుస్తాడు చూడండి, నాకు వాడి మీదే ఎక్కువ కోపం. తెలియని వ్యవహారంలో నోరు కట్టుకోవడం కూడా ఒక సాయమే.

అన్నట్టు, షూటింగు అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగినప్పుడు ఆకాశం తేటగా ఉండి, ప్లాస్టిక్ మంచు చల్లాల్సి వచ్చింది.

సినిమాలో వాళ్లు గోల పెట్టే రన్‌వే 29 అంటే దిక్సూచిలో 290 డిగ్రీలు. శంషాబాద్‌లో 09, 27 అని ఉంటాయి. తూర్పు, పడమర. ఈసారి విమానం ఎక్కితే కిటికీ దగ్గర కూర్చుని, అద్దం అడుగున సూదిమొన అంత కన్నం ఎక్కడుందో వెతకండి. అద్దం మూడు పొరలు. మధ్య పొరకు మాత్రమే ఆ కన్నం. బరువంతా బయటి పొర మోస్తుంది. కన్నం చుట్టూ మంచు పువ్వు పడితే బొమ్మ గీసి నాకు పంపండి. అప్పుడు ఎన్ని వేల అడుగుల ఎత్తులో ఉన్నారో పైలట్ చెప్తే పక్కన రాయండి.

మీ తాతయ్య