పార్కింగ్ చీటీ నుంచి శాసనసభ దాకా

జనం చేరే ప్రభుత్వ స్థలం ఏదైనా సరే, బండికి స్టాండు వేసేలోపే ఒక కుర్రాడు చీటీ చించి చేతిలో పెడతాడు. దాని మీద రేటు ఉంటుంది, వరుస సంఖ్య ఉంటుంది, వాహనంలోని వస్తువులకు మేము బాధ్యులము కాము అన్న మాట ఉంటుంది. వసూలు హక్కు వేలం పాటలో ఎంతకు పోయింది, ఎన్నాళ్లకు పోయింది, ఆ సొమ్ము ఏ ఖాతాలో పడుతుంది అన్నవి మాత్రం ఉండవు. దాంతో తగవంతా పది రూపాయలా ఇరవయ్యా అన్న దగ్గరే తిరుగుతుంది. కుర్రాడిది రోజు కూలి. అడగాల్సిన లెక్క అతని దగ్గర లేదు. అది ఎవరి దగ్గర ఉండాలో, వారిని నిలదీసే అధికారం ఎవరికి ఉందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నెల్లూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది, ఒంగోలుది 1876లో. ఆనాటి పట్టణాలకు ఇంటి పన్నుతో పాటు సంతలు, కబేళాలు, బండ్ల స్టాండ్ల మీద వచ్చే ఆశీలే ఆదాయం. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో బండ్ల స్టాండ్లకు విడిగా నిబంధనలే ఉన్నాయి. ఇప్పటి కారు పార్కింగు ఆ ఎడ్లబండ్ల స్టాండుకు వారసురాలే. పద్ధతి కూడా పెద్దగా మారలేదు. అధికారులు ముందు సర్కారు పాట, అంటే వేలానికి కనీస ధర, నిర్ణయిస్తారు. పాడదలచినవారు ధరావతు కడతారు. హెచ్చు పాట పాడినవాడికి ఏడాది పాటు వసూలు హక్కు దక్కుతుంది, అతను కిస్తీల్లో సొమ్ము జమ చేస్తాడు. ఉద్యోగులను పెట్టి రోజూ చిల్లర లెక్కపెట్టే బాధ పురపాలక సంఘానికి తప్పుతుంది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే: పాట ముగిశాక గేటు దగ్గర నిజంగా ఎంత వసూలైందో ప్రభుత్వానికి తెలిసే మార్గం ఉండదు. ఆ అంకె తెలియనప్పుడు వచ్చే ఏటి సర్కారు పాట ఎంత ఉండాలో చెప్పేది పాత పాట ఒక్కటే. పాటదారులు నలుగురూ ముందే కూడబలుక్కుంటే ఆ పాత అంకె అక్కడే నిలిచిపోతుంది.

పార్కు గోడకు ఆనుకుని కట్టే దుకాణ గదులది మరో దారి. మూడేళ్లకోసారి అద్దెను మూడో వంతు పెంచి కొనసాగించడం, 25 ఏళ్లు దాటితే బహిరంగ వేలం వేయడం మన రాష్ట్ర పురపాలక నిబంధన. కాగితం మీద ఇది మంచి నియమమే. కానీ గది ఎవరి పేరున ఉందో అతను అందులో ఉండడు. మరొకరికి చాలా రెట్ల అద్దెకు ఇచ్చి, తాను పాత అద్దె కట్టుకుంటాడు. ఈ మాట ఏ ఊళ్లోనైనా వినిపించేదే. వేలం గడువు దగ్గరపడగానే కోర్టు స్టే వస్తుంది.

అసలు పార్కును ఇంత దూరం వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు రెండుసార్లు గట్టిగానే జవాబిచ్చింది. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడం 1991లో చెల్లలేదు. లక్నోలో పార్కు కింద భూగర్భ దుకాణ సముదాయాన్ని, దానితో పాటు పార్కింగును కట్టబెట్టిన ఒప్పందాన్ని 1999లో కొట్టివేసి, కట్టినదాన్ని కూల్చమంది. లక్నో వ్యవహారంలో స్థానిక సంస్థే టెండరు పిలవకుండా ఒప్పందం మీద సంతకం చేసింది. అప్పటికే నిర్మాణం చాలా దూరం వెళ్లింది. కోర్టు జోక్యం ఎప్పుడూ అలా పని సగమయ్యాకే వస్తుంది. ముందే ఆపాల్సింది సభలు.

నగరపాలక సంస్థలో లీజు కాలం పెరిగేకొద్దీ కమిషనరు స్థాయి దాటి స్థాయీ సంఘానికి, ఆపైన సర్వసభ్య సమావేశానికి వెళ్లాలి. సభ ఉంటేనే కదా ఇది జరిగేది. ఒంగోలు 2012 జనవరిలో నగరపాలక సంస్థ అయింది. తొలి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. అంటే తొమ్మిదేళ్లకు పైగా ఒక్క కార్పొరేటరు కూడా లేకుండానే నగరపాలన సాగింది. నెల్లూరు 2004లోనే ఆ హోదా పొందినా, 2019 నుంచి 2021 నవంబరు ఎన్నికల దాకా అక్కడా ప్రత్యేకాధికారి పాలనే. ఆ కాలంలో తీర్మానం చేసేదీ ప్రత్యేకాధికారే, దాన్ని ఆమోదించేదీ ఆయనే. ఆ ఏళ్లలో తప్పు జరిగిందని నా ఆరోపణ కాదు. అడిగే కుర్చీ ఖాళీగా ఉందన్నదే నా మాట. నగరపాలక సభ లేనప్పుడు మిగిలింది శాసనసభ ఒక్కటే.

శాసనసభకు దారులు లేకపోలేదు, నిజానికి అవి ఎక్కువే. పార్కు నగరపాలక సంస్థదైతే లెక్కలు రాష్ట్ర ఆడిట్ శాఖ చూస్తుంది. నెల్లూరులోని నుడా వంటి పట్టణాభివృద్ధి సంస్థదైతే 2016 నాటి వేరే చట్టం వర్తిస్తుంది. పర్యాటకాభివృద్ధి సంస్థ చేతిలో ఉంటే అది కంపెనీ కనుక ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ చూడాలి. పురావస్తు శాఖ ప్రదర్శనశాల అయితే అది నేరుగా ప్రభుత్వ శాఖ, దాని మీద కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక ప్రజాపద్దుల కమిటీకి వెళ్తుంది. ఇక ఒకే ఆవరణలో ప్రదర్శనశాల ఒక శాఖది, తోట మరొకరిది, పార్కింగు స్థలం ఇంకొకరిది అయితే, ఆ చీటీ డబ్బు ఏ కమిటీ బల్ల మీదికీ పూర్తి రూపంలో రాదు.

ఇలాంటి కలగాపులగం మనకే ప్రత్యేకం అనుకోనక్కరలేదు. లాస్ ఏంజెలెస్‌లోని ఎక్స్‌పొజిషన్ పార్కు సుమారు 160 ఎకరాలు. 1870లలో అది వ్యవసాయ ప్రదర్శనల మైదానం. పశువుల పోటీలతో పాటు గుర్రప్పందాలూ అక్కడ నడిచేవి. ఒంగోలు గిత్తల జిల్లావారికి ఆ వాతావరణం వేరే వర్ణించనక్కరలేదు. పందాలు, తాగుడు ముదిరాయని ఊరివారు ఉద్యమించాక 1913లో అక్కడ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల తెరుచుకుంది. 1923లో కొలీజియం స్టేడియం వచ్చింది. ఇప్పుడు భూమి రాష్ట్రానిది, ఆ ప్రదర్శనశాల కౌంటీది, గులాబీ తోట నగరానిది, విజ్ఞాన కేంద్రం మళ్లీ రాష్ట్రానిది. ఎండీవర్ అంతరిక్ష నౌక 2012లో చేరింది ఈ కేంద్రానికే. చట్టం దృష్టిలో ఆ కేంద్రం నేటికీ ఆరో జిల్లా వ్యవసాయ సంఘం. అందుకే అంతరిక్ష నౌక ఉన్నచోటి పార్కింగు సొమ్ము సంగతి కాలిఫోర్నియా ఆహార, వ్యవసాయ చట్టాల సంపుటిలో ఉంటుంది. నవ్వొచ్చే విషయమే అయినా అందులో ఒక మంచి ఉంది. ఆ సొమ్ము పార్కు అభివృద్ధి నిధి అనే ప్రత్యేక ఖాతాలో పడాలని చట్టమే చెబుతుంది. ఖాతా ఒకటే, అందులోంచి ఖర్చుకు అనుమతి ఇచ్చేది రాష్ట్ర శాసనసభ. దాంతో ఏటా బడ్జెట్ సమయంలో ఎవరో ఒకరు దాన్ని చూడక తప్పదు.

అంత కట్టుదిట్టం ఉన్నచోట కూడా స్టేడియాన్ని నడిపే ఉమ్మడి కమిషన్ వ్యవహారం చెడింది. దాని మాజీ అధికారులు కొందరిపై 2012లో లంచాలు, కుట్ర అభియోగాలు నమోదయ్యాయి. ఆర్థికంగా చితికిన కమిషన్ 2013లో స్టేడియాన్ని పక్కనున్న విశ్వవిద్యాలయానికి 98 ఏళ్ల లీజుకు ఇచ్చే ఒప్పందానికి వచ్చింది. అప్పుడు పెద్ద పేచీ వచ్చింది స్టేడియం మీద కాదు, పార్కింగు మీదే. ఆటల రోజుల్లో రాష్ట్ర స్థలంలోని పార్కింగు విశ్వవిద్యాలయం చేతికి వెళ్తే, పిల్లలతో ప్రదర్శనశాలకు వచ్చేవారు బండి ఎక్కడ ఆపాలని ఆ సంస్థలు అడ్డం తిరిగాయి. వారి వాదనలో బలం ఉంది. ప్రదర్శనశాలకు ద్వారం దాని గేటు కాదు, బండి నిలిపే చోటు.

మన ప్రదర్శనశాలలకు ఈ వాదన ఇంకా బాగా వర్తిస్తుంది. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కనుక అక్కడ ఉన్న ఖాళీ జాగానే పంచుకోవాలి, కొత్తగా షెడ్డు లేవదీసే వీలు లేదు.

ఆడిట్ తలచుకుంటే ఏం చేయగలదో 2013లో చూశాం. కాగ్ బృందాలు దేశవ్యాప్తంగా 1,655 రక్షిత కట్టడాల దగ్గరికి స్వయంగా వెళ్లి చూస్తే 92 కట్టడాలు కనిపించలేదు. కేంద్ర పురావస్తు శాఖ కాగితాల్లో అవి భద్రంగానే ఉన్నాయి. కట్టడాలు ఉన్నాయో లేవో వెళ్లి చూసినవారికి పార్కింగు పాటలు తనిఖీ చేయడం కష్టమేమీ కాదు. ఒక పండుగ వారంలో చీటీ పుస్తకాల వరుస సంఖ్యలు తీసుకుని కిస్తీ సొమ్ముతో పోల్చినా చాలు, వచ్చే ఏటి సర్కారు పాటకు ఆధారం దొరుకుతుంది. ఆ నివేదికను చదివి అధికారులను పిలవాల్సిన ప్రజాపద్దుల కమిటీకి మన దేశంలో 1921 నుంచి చరిత్ర ఉంది. లోక్‌సభలో 1967 నుంచి దాని అధ్యక్ష స్థానం ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. మన శాసనసభలో 2024 నవంబరులో ఆ ఎన్నికను వైకాపా బహిష్కరించింది, అధ్యక్ష పదవి అధికార కూటమిలోని జనసేన సభ్యుడికి దక్కింది. ఎవరి వాదన వారికి ఉన్నా, ఖర్చు చేసినవారే లెక్క చూసుకునే ఏర్పాటు నాకు నచ్చదు.

కమిటీ కోసం కాచుకోకుండా ఏ ఎమ్మెల్యే అయినా నక్షత్ర గుర్తు ప్రశ్న వేయవచ్చు. మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ నిలబడాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రభుత్వ పార్కులు, ప్రదర్శనశాలల వద్ద పార్కింగు పాట ఎవరికి, ఎంతకు పోయింది, సర్కారు పాట ఎంత, బకాయి ఎంత, ఆ సొమ్ములో ఆ పార్కుకే ఎంత ఖర్చయింది? ఈ నాలుగు అడిగితే చాలు. 2021 మార్చిలో ఎన్నికైన ఒంగోలు పాలకవర్గానికి ఐదేళ్ల గడువు 2026 మార్చి, నెల్లూరుకు అదే ఏడాది నవంబరు. ఎన్నికలు సకాలంలో జరగకపోతే పాటల ఫైళ్లు మళ్లీ ప్రత్యేకాధికారి బల్ల మీదికే చేరతాయి.