చిన్న పికప్ ఎటు పోయింది? ఓ కోడి గొడవ నుంచి మావరిక్ దాకా

అమెరికాలో ఇల్లు కొన్న మనోళ్లు కొందరు ఈమధ్య రెండో బండిగా చిన్న పికప్ చూస్తున్నారు. బ్యాక్‌యార్డ్‌లో బెండ మొక్కలకి, ఆనప పాదుకి మట్టి బస్తాలు తేవాలి, ఫెన్స్‌కి చెక్కలు తేవాలి, ప్రతిసారీ మినీవ్యాన్‌లో సీట్లు మడిచి పాత దుప్పటి పరిచే పని విసుగొచ్చేసి, సరే అని వెతకడం మొదలుపెడితే కాంపాక్ట్, అంటే అన్నిటికంటే చిన్న పికప్‌ల వరసలో కనిపించేవి రెండే, ఫోర్డ్ మావరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్. దానికి పైన మిడ్‌సైజ్ వైపు చూస్తే టాకోమా, ఫ్రంటియర్, కొలరాడో, రేంజర్, రిడ్జ్‌లైన్, గ్లాడియేటర్ అని పెద్ద గుంపే ఉంది. ఆ చిన్నవి రెండూ 2022 మోడల్‌గా వచ్చినవే, మరి అంతకుముందు దాదాపు పదేళ్లు చిన్న ట్రక్ అనేదే లేదా అంటే నిజంగానే లేదు. జనం అడగలేదు కాబట్టి తీసేశాం అంటాయి కంపెనీలు, నాకైతే అది సగం నిజమే అనిపిస్తుంది, మిగతా సగం పన్నుల్లోనూ రూల్స్‌లోనూ ఉంది, అది తెలిస్తే గానీ ఈ బళ్లని ఎలా పోల్చాలో అర్థం కాదు.

కథ మొదలైంది కోడితో. 1960ల మొదట్లో అమెరికా ఫారాల్లో కోడి మాంసం తెగ చవగ్గా తయారై యూరప్‌కి, ముఖ్యంగా పశ్చిమ జర్మనీకి ఎగుమతి అవుతుంటే అక్కడి రైతులు గోల పెట్టారు, 1962లో యూరప్ ఉమ్మడి మార్కెట్ దిగుమతి సుంకం బాగా పెంచేసింది. బేరాలు ఎంతకీ తెగకపోయేసరికి 1963 డిసెంబర్‌లో అమెరికా ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ ఎదురు సుంకం వేశాడు, బంగాళదుంప స్టార్చ్ మీద, డెక్స్‌ట్రిన్ మీద, బ్రాందీ మీద, చిన్న ట్రక్కుల మీద 25 శాతం. ట్రక్కుల్లో గురి ఫోక్స్‌వాగన్ వ్యాన్లూ పికప్‌లూ, డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల కార్మిక సంఘం కూడా అదే కోరుకుంది. మిగతా మూడూ తర్వాత్తర్వాత పోయాయి, ట్రక్కు మీదది మాత్రం అరవై ఏళ్లు దాటినా కదల్లేదు, దానికి చికెన్ ట్యాక్స్ అనే పేరు ఉండిపోయింది. (కోళ్ల పంచాయితీ మనకీ కొత్త కాదు, బర్డ్ ఫ్లూ పేరు చెప్పి మన దేశం అమెరికా కోడి దిగుమతులు ఆపితే డబ్ల్యూటీవో దాకా వెళ్లి 2015లో మనమే ఓడిపోయాం.)

ఇక్కణ్ణుంచి అసలు తమాషా. దెబ్బ జర్మన్లకి అని వేసిన పన్ను ఎక్కువ తగిలింది జపాన్‌కి, ఎందుకంటే చిన్న పికప్ బాగా చేసేది వాళ్లే, డాట్సన్ అప్పటికే అమెరికాలో అమ్ముతోంది, టొయోటా వెనకాలే వచ్చింది. బండి మొత్తంగా తెస్తే 25 శాతం, బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) లేకుండా క్యాబ్ (డ్రైవర్ కూర్చునే గది), ఛాసీ (కింది చట్రం) వరకే తెస్తే 4 శాతం, కాబట్టి ఓడలో క్యాబ్‌లు దిగేవి, బెడ్ ఇక్కడే బిగించేవాళ్లు. ఫోర్డ్, షెవీ (షెవర్లే)లు కూడా ఇదే దారి పట్టాయి, మాజ్డా చేసిన బండికి కొరియర్ అని ఫోర్డ్, ఇసుజు చేసిన బండికి లవ్ అని షెవీ 1972లో తమ బ్యాడ్జీలు పెట్టుకుని అమ్ముకున్నాయి. ఆ ఇసుజునే ఇప్పుడు మన శ్రీసిటీలో డీ-మ్యాక్స్ పికప్‌లు చేస్తున్నది. క్యాబ్, ఛాసీ పేరుతో సుంకం తప్పించుకునే ఆ కంతని 1980లో మూసేశారు. సుబారు అయితే ఇంకా గడుసు, బ్రాట్ అనే బుల్లి పికప్ వెనక బెడ్‌లో వెనక్కి తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ట్రక్ కాదండీ ప్యాసింజర్ కారు అని తక్కువ సుంకం కట్టింది, ప్రెసిడెంట్ రీగన్ దగ్గర కూడా ఒకటి ఉండేది. ఇలాంటి ఆటే చాలా ఏళ్ల తర్వాత ఫోర్డ్ ఆడింది, ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్‌ని సీట్లతో సహా దింపి, రేవు దాటగానే సీట్లు పీకి కార్గో వ్యాన్‌గా అమ్మింది, కోర్టులో ఓడి 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

కంతలు మూసుకుపోయాక మిగిలిన దారి అమెరికాలోనే తయారు చెయ్యడం. టెన్నెసీలో స్మిర్నా ఫ్యాక్టరీ నుంచి 1983లో నిస్సాన్ బయటికి పంపిన మొదటి బండి కారు కాదు, పికప్. అప్పటికే షెవీ ఎస్-10, ఫోర్డ్ రేంజర్ వచ్చేశాయి, 1987లో డాడ్జ్ డకోటా అటు చిన్నదీ కాకుండా ఇటు పెద్దదీ కాకుండా వచ్చి మిడ్‌సైజ్ అనే మాటకి దారి తీసింది. ఆ 80లు, 90లు చిన్న పికప్‌కి మంచి రోజులు, మాన్యువల్ గేరు, బెంచీ సీటు, చేత్తో తిప్పే అద్దాలు. సుఖం గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఖాళీగా వెళ్తే వెనక లీఫ్ స్ప్రింగులు (ఉక్కు పట్టీల కట్టలు) గుంతకో ఎగురు ఎగిరేవి, అది మామూలే అనుకునేవాళ్లు.

మరి ఎందుకు పోయింది అంటే రెండు కారణాలు కలిసొచ్చాయి. ఒకటి లాభం, చిన్న ట్రక్ చెయ్యడానికి అయ్యే ఖర్చు పెద్దదాని కంటే మరీ తక్కువేం కాదు, కానీ అమ్మే రేటు చాలా తక్కువ, ఫోర్డ్ పెద్ద పికప్ ఎఫ్-150 ఒకటి అమ్మితే మిగిలేది చూసుకున్న వాడికి రేంజర్ మీద మనసెందుకుంటుంది. రెండోది మైలేజ్ రూల్స్. 2000ల చివర్లో కాఫే రూల్స్ (కంపెనీ బళ్ల సగటు మైలేజ్ ఇంత ఉండాలనే అమెరికా ప్రభుత్వ రూల్స్) మార్చి ఫుట్‌ప్రింట్ లెక్క పెట్టారు, అంటే నాలుగు చక్రాల మధ్య ఉండే చోటు ఎంత పెద్దదైతే బండి అందుకోవాల్సిన మైలేజ్ టార్గెట్ అంత తక్కువ. చిన్న ట్రక్‌కి కారుతో పోటీ పడే టార్గెట్ పడుతుంది, చూస్తే దాని ఆకారం గాలికి ఎదురెళ్లే పెట్టె, అందుకోలేదు. అదే బండిని కాస్త పొడుగు చేసి వెడల్పు చేస్తే టార్గెట్ దిగొస్తుంది. పొదుపు కోసం పెట్టిన రూలు బండిని పెంచమని చెప్పినట్టయింది. మిడ్‌సైజ్ బళ్లు ఇంతింత పెరగడంలో కొనేవాళ్ల సరదా ఎంతుందో ఈ లెక్క కూడా అంతుందని నా లెక్క.

2011 డిసెంబర్‌లో మిన్నెసోటా సెయింట్ పాల్ ఫ్యాక్టరీ మూసేస్తూ ఆఖరి రేంజర్ చేశారు, అది వెళ్లింది ఓర్కిన్ అనే పురుగుల మందు కొట్టే కంపెనీకి. డకోటా కూడా అదే ఏడాది ఆగింది, పాత కొలరాడో 2012లో. కొన్నేళ్లు మిడ్‌సైజ్ రంగంలో ఉన్నది టాకోమా, ఫ్రంటియర్, పక్కన రిడ్జ్‌లైన్, అంతే. టాకోమా రీసేల్ గురించి అందరూ గొప్పగా చెప్తారు కదా, బండి గట్టిదే, అందులో డౌట్ లేదు, కానీ పోటీ లేని ఆ ఏళ్లు కూడా ఆ పేరుకి బాగా సాయపడ్డాయి.

ఆ పేరు వెనక ఇంకో సంగతి, టాకోమాకి ఇంజన్ కంటే ఫ్రేమ్‌తోనే ఎక్కువ తలనొప్పి. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకి 1995-2000 బళ్ల ఫ్రేములు లోపల్నుంచి తుప్పు పట్టి, కొన్నిట్లో సుత్తితో కొడితే కన్నం పడే స్థితికి వచ్చాయి. 2008లో టొయోటా ఆ బళ్లకి మార్కెట్ విలువకి ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొనుక్కుంది, తర్వాతి తరం మీద కేసు నడిచి 2016లో 340 కోట్ల డాలర్ల దాకా అయ్యే సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంది. ఫ్రంటియర్‌ది ఇంకో కథ, 2005లో వచ్చిన బాడీనే 2021 దాకా అమ్మారు, అందులో 2005-2010 బళ్లలో రేడియేటర్ లోపల లీకై కూలెంట్ గేర్‌బాక్స్ నూనెలో కలిసిపోయేది, ఓనర్లు దానికి స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అని పేరు పెట్టుకున్నారు. అందుకే పాత బండి కొనేవాళ్లకి నేను చెప్పేది, బ్రాండ్ పేరు తర్వాత చూసుకోవచ్చు, ముందు కిందకి దూరి టార్చ్ వేసి ఫ్రేమ్ చూడండి, బండి ఏ రాష్ట్రంలో తిరిగిందో కనుక్కోండి, పెద్దగా మంచు పడని టెక్సాస్ బండి వేరు, రోడ్ల మీద ఉప్పు చల్లే ఒహాయో బండి వేరు.

సుఖం విషయంలో మలుపు 2006 మోడల్ రిడ్జ్‌లైన్. కారులాగా యూనిబాడీ (బాడీ, ఫ్రేమ్ కలిసి ఒకటే), వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), బెడ్ కింద డిక్కీ. ట్రక్ వాళ్లు ఇది ట్రక్కే కాదు పొమ్మన్నారు, కానీ రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేవాడికి మిడ్‌సైజ్‌లో ఇప్పటికీ అంత మెత్తగా వెళ్లేది ఇంకోటి లేదని నా అభిప్రాయం. మావరిక్, శాంటా క్రూజ్ ఆ దారిలోనే వచ్చాయి. అంటే ఇప్పుడు కాంపాక్టా మిడ్‌సైజా అన్నప్పుడు నిజానికి అడుగుతున్నది కారు ఒళ్లా, కింద విడిగా ఉక్కు చట్రం ఉండే నిచ్చెన ఫ్రేమా అని. టాకోమా కూడా 2024లో చాలా ట్రిమ్స్‌లో (రకాల్లో) లీఫ్ స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టింది, వీ6 (ఆరు సిలిండర్ల ఇంజన్) పోయి 2.4 లీటర్ల టర్బో వచ్చింది, ఈ కొత్త ఇంజన్ పాతదానంత కాలం నిలుస్తుందా అనేది ఇంకో పదేళ్లకి గానీ తేలదు. టర్బో వద్దనుకునేవాళ్లకి ఫ్రంటియర్‌లో 3.8 వీ6 ఇంకా ఉంది.

మావరిక్ 2021లో బయటపెట్టినప్పుడు రేటు చూసి అందరూ నోరెళ్లబెట్టారు, 19,995 డాలర్లకి హైబ్రిడ్, గ్యాలన్‌కి కలిపి 37 మైళ్లు. ఎంత గిరాకీ అంటే 2022 జనవరి చివర్లో ఆర్డర్లే ఆపేశారు, డీలర్లు కొందరు వేల డాలర్లు పైన వేసుకున్నారు. బెడ్ నాలుగున్నర అడుగులే, కానీ తెలివిగా చేశారు, టెయిల్‌గేట్‌ని సగంలో ఆపితే అది బెడ్‌లోకి పొడుచుకొచ్చే చక్రాల గుబ్బల ఎత్తుకి సరిపోతుంది, 4×8 అడుగుల ప్లైవుడ్ షీటు గుబ్బల మీదా దాని మీదా ఆని సమంగా పడుకుంటుంది. రిడ్జ్‌లైన్‌లో అయితే గుబ్బల మధ్య 50 అంగుళాలు ఉంది కాబట్టి షీటు కిందనే దిగిపోతుంది. ట్రైలర్ లాగడం దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది, మావరిక్ మామూలుగా 2000 పౌండ్లు, టోయింగ్ ప్యాకేజీ తీసుకుంటే 4000, టాకోమా 6500 దాకా. రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ బళ్లని వెనక్కి పిలిచి బాగుచెయ్యడం) కూడా మావరిక్‌కి తక్కువేం పడలేదు, 2022 జూలైలో హైబ్రిడ్ ఇంజన్ బ్లాక్ పగిలితే నూనె కారి మంటలు రావచ్చని ఒకటి పడింది. మొదటి ఏడాది బండి కొనకూడదనే పాత మాట ఇక్కడ పనికొచ్చింది.

రేటు అయితే నిలవలేదు, 2025 మోడల్‌కి ఆరంభమే 26 వేలు దాటింది. బండి తయారయ్యేది మెక్సికోలో హెర్మోసియోలో, టాకోమా కూడా ఇప్పుడు మెక్సికోదే, ఎందుకంటే నాఫ్టా (అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం) వల్ల మెక్సికోకి చికెన్ ట్యాక్స్ తగిలేది కాదు, అరవై ఏళ్ల నాటి కోడి గొడవే ఈ ఫ్యాక్టరీలని అక్కడికి నడిపించిందనాలి. 2025 ఏప్రిల్‌లో దిగుమతి బళ్ల మీద కొత్తగా 25 శాతం వేశాక మెక్సికో బళ్లకీ అమెరికాలో తయారుకాని భాగం మీద ఆ దెబ్బ తగిలింది. అదే నెలలో స్లేట్ అనే కంపెనీ రెండు సీట్ల బుల్లి ఎలక్ట్రిక్ పికప్ చూపించింది, ఇండియానాలో చేస్తారట, చేత్తో తిప్పే అద్దాలు, ఎలక్ట్రిక్ బళ్లకి ఇచ్చే ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ పోను 20 వేల లోపు అన్నారు. ఆ 7500 డాలర్ల క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది, ఆ 20 వేల మాట కూడా దాంతోపాటే పోయింది.