గుడి మైకు చెప్పే వాట్ల లెక్క

మా మేనల్లుడు కూకట్‌పల్లిలో ఫ్లాట్ కొనుక్కున్నాడు. హాల్లో హోమ్ థియేటర్ పెట్టుకోవాలని వాడి ముచ్చట. మొన్న షాపులోంచే ఫోన్ చేశాడు. "మావయ్యా, ఇక్కడ 1000 వాట్ల సెట్టు, అయిదు స్పీకర్లు, ఊఫరూ కలిపి ఇరవై వేలంటున్నాడు. పక్కనే రిసీవర్, అదే స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్ డబ్బా, ఒక్కటే ముప్ఫై అయిదు వేలట, చూస్తే 80 వాట్లే! ఇదేం లెక్క?"

"ఆ వెయ్యి వాట్ల డబ్బా వెనక్కి తిప్పి, కరెంటు వైరు దగ్గర చిన్నక్షరాల్లో ఏముందో చదవరా" అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. "పవర్ కన్సంప్షన్ 90 వాట్స్ అని ఉంది మావయ్యా."

గోడలోంచి 90 వాట్లు తీసుకునే డబ్బా వెయ్యి వాట్ల పాట పాడదు. మరి అట్ట మీద ఉన్నది పచ్చి అబద్ధమా అంటే, తిరకాసంతా అక్కడే ఉంది. బోరు సన్నగా పోస్తున్నా, డాబా మీద ట్యాంకు నిండి ఉంటే కింద కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పినా కాసేపు ధారగా వస్తాయి కదా. యాంప్లిఫయర్‌లో ఆ ట్యాంకు పేరు కెపాసిటర్. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని 35 వోల్టులకి నింపితే అందులో ఉండేది సుమారు 6 జౌళ్ళు. వెయ్యి వాట్ల చొప్పున తోడితే 6 మిల్లీసెకన్లలో ఖాళీ. డోలు మీద ఒక్క దెబ్బ కూడా పూర్తిగా పలకదు. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద 'పీఎంపీఓ' (లిప్తపాటు ఇవ్వగల గరిష్ఠ పవర్) అంటూ వేలకి వేలు వాట్లు అంటించింది ఇలాంటి లెక్కలతోనే. కొన్నిటికి ఈపాటి లెక్క కూడా లేదు. అమెరికాలో ఈ గోల ముదిరి, ఆగకుండా ఎన్ని వాట్లు ఇవ్వగలదో చెప్పి తీరాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన పెట్టింది.

సరే, ఆ 80 వాట్లూ నిజమే అనుకుందాం. సరిపోతాయా? ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు మా ఊరి గుడి మైకు గుర్తొస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారకుండానే, వేపచెట్టుకి కట్టిన రేకు గొట్టంలోంచి వచ్చే పాశురాలు పొలంగట్ల దాకా వినిపించేవి. ఆ గొట్టం వెనక ఉన్న యూనిట్ 30 వాట్లది. మా వాడి డబ్బా లెక్కన దాని గొంతు వీధి చివరికి కూడా వెళ్ళకూడదు.

రహస్యం వాట్లలో లేదు, ఆ వాట్లు గాలికి ఎలా అందాయన్న దాంట్లో ఉంది. మామూలు స్పీకర్‌లో తీగచుట్ట అట్టకోన్‌ని ముందుకీ వెనక్కీ తోస్తుంది. కోన్ బరువు, గాలి తేలిక. దూదిపింజని రోకలితో దంచినట్టు, కష్టమంతా రోకలిని ఊపడానికే చెల్లు. 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో 88 డెసిబెళ్ళు వినిపించే స్పీకర్, తీసుకున్న కరెంటులో శబ్దంగా మార్చేది 0.4 శాతమే. మిగతాదంతా తీగచుట్టలో వేడి. ఇంట్లో స్పీకరంటే కాస్త చప్పుడు కూడా చేసే హీటరన్నమాట! గొట్టం అలా కాదు. ఇరుకు గొంతులో గాలిని బిగించి పట్టుకుని, సన్నాయి చివరి గిన్నెలా మెల్లగా వెడల్పు చేస్తూ బయటి గాలికి అప్పగిస్తుంది. అలా 105 డెసిబెళ్ళ దాకా పలుకుతుంది.

88కీ 105కీ తేడా 17. చూడ్డానికి చిన్నదే. కానీ డెసిబెల్ సంవర్గమానాల మనిషి. ఇంటర్‌లో లాగ్ టేబుళ్ళ పుస్తకం చేతికిచ్చి అంకెలు వెతికించిన మాస్టార్లు, మీ చెవి పుట్టినప్పటి నుంచీ చేస్తున్నది ఇదేనర్రా అని ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది! 10 డెసిబెళ్ళంటే పదిరెట్లు, 3 అంటే రెండింతలు, 17 అంటే 50 రెట్లు. గుడి మైకులో 30 వాట్లు చేసే పని మన హాల్లో స్పీకర్ చేయాలంటే 1500 వాట్లు పోయాలి. అంతకు ముందే అది కాలిపోతుంది.

ఇప్పుడు సోఫాలో కూర్చుందాం. స్పీకర్ 3 మీటర్ల అవతల ఉంటే, గోడల సాయం కలుపుకుని 1 వాట్‌కి మనకి అందేది సుమారు 80 డెసిబెళ్ళు. ఇంట్లో సినిమా మాటలు 70 దగ్గర వింటాం, అంటే వాట్‌లో పదోవంతు. బాంబులు పేలినప్పుడు 80 వాట్లూ వాడితే 99. రిసీవర్ మార్చి 160 వాట్లది తెస్తే 102. ఆ మూడు డెసిబెళ్ళకి చెవికి అనిపించేది "కాస్త పెంచినట్టున్నారే" అని, అంతే. అదే 91 డెసిబెళ్ళ స్పీకర్ కొంటే ఆ మూడూ ఉత్తినే వస్తాయి. అందుకే స్పీకర్ కాగితంలో నేను ముందు చూసేది సెన్సిటివిటీ అంకె, అంటే 1 వాట్‌కి 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ళో. రిసీవర్ కాగితంలో వెతికేది ఒక్క వాక్యం: 8 ఓమ్‌ల దగ్గర, రెండు ఛానెళ్ళు నడుస్తుండగా, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా (చెవికి వినిపించే మేరంతా) ఇన్ని వాట్లు. అది లేకుండా 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) అని ఉంటే, ముందున్న వాట్లని సగానికి కోసి చదువుకుంటాను.

అలాగైతే హాల్లో రేకు గొట్టమే కట్టుకోవచ్చుగా అనకండి. దాంట్లో మృదంగం రేకుడబ్బా అవుతుంది. గొట్టం ఎంత ఉంటే అంత లోతు గొంతు. పెట్టె స్పీకర్లకీ ఇలాంటి శాపమే ఉంది, దాన్ని హాఫ్‌మన్ ఉక్కు సూత్రం అంటారు. 1957లో పుట్టిన కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పేరులోని 'హెచ్' ఈయనే. సామర్థ్యం, అంటే కరెంటులో శబ్దంగా మారే వంతు, పెట్టె ఘనపరిమాణానికీ, అది దిగగలిగే కింది ఫ్రీక్వెన్సీ ఘనానికీ అనుపాతంలో ఉంటుంది. చిన్న పెట్టె, లోతైన బాస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. 80 హెర్ట్జ్ దగ్గర ఆగే పెట్టెని 40 దాకా దింపాలంటే పెట్టె ఎనిమిదింతలు కావాలి, లేదా సామర్థ్యం ఎనిమిదో వంతుకి పడిపోవాలి. అయిదు స్పీకర్లూ ఒక సబ్‌ఊఫరూ ఉండే 5.1 సెట్టులో ఆ '.1' ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. 80 హెర్ట్జ్ కిందిదంతా, బాస్ కోసమే ఉండే, సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌ఊఫర్‌కి వదిలేస్తే, ఆ మోత ఏ వైపు నుంచి వస్తోందో చెవి పసిగట్టలేదు. మిగతా స్పీకర్లు చిన్నవైనా హాయిగా పాడతాయి.

అందుకని వాడికి చెప్పాను: ముందు రిసీవర్, ముందువైపు రెండు మంచి స్పీకర్లు, డబ్బులు మిగిలితే మాటల కోసం మధ్యది. సబ్ సంక్రాంతికి, వెనకవి ఎప్పుడైనా. బంగారు పూత వైరు వద్దు. 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ 5 మీటర్లకి, రానూపోనూ నిరోధం 0.12 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అదెంత!

సంక్రాంతి దాకా ఆగలేదు, సబ్ కూడా వచ్చేసింది. మా అక్క, కరెంటు సామాను కాబట్టి ఆగ్నేయంలోనే పెట్టాలంది. ఏ మూలైనా బాస్ పెరుగుతుంది, రెండు గోడలూ నేలా కలిసి శబ్దాన్ని ముందుకే తోస్తాయి, దిక్కు సంగతి దానికి పట్టదు అన్నాను. చివరికి వాయవ్యంలో పెట్టారు. ప్లగ్ పాయింటు అక్కడే ఉంది.