చల్లారితే తిరిగే మోటరు

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు ఆ ఎత్తుకు చేరే రోజుల్లో, ఎండాకాలం మనం నడిచి వెళ్లి దండం పెట్టుకున్న సంగమేశ్వరం గుడి నీళ్ల అడుగున ఉంటుంది. అలాంటి ఒక సాయంత్రం ఆ నీళ్ల మీద చిన్న లాంచీలో ఉన్నాం. వాన మొదలైన పది నిమిషాలకు అద్దం మీద వైపరు సగంలో నిలబడిపోయింది. లాంచీ నడిపే అతను తల పక్కకు పెట్టి వానలోకి చూస్తూ, "ఇంతే అన్నా, కొంచేపు తిరుగుతాది, నిలబడిపోతాది. చల్లారితే మళ్లీ తిరుగుతాది. ఇది రెండో మోటరు" అన్నాడు. మోటరు మీద చెయ్యి పెట్టి చూశాను. రెండు సెకన్లు కూడా ఉంచలేకపోయాను.

చల్లారితే తిరగడానికి కారణం ఉంది. చాలా వైపరు మోటర్లలో చిన్న థర్మల్ స్విచ్ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను అతికించిన రేకు అది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగి రేకు వంగుతుంది, కరెంటు తెగుతుంది. చల్లారాక రేకు మళ్లీ కలుస్తుంది. అంటే ఆ మోటరు తనను తాను కాపాడుకుంటోంది. కొత్త మోటరు వేసినా అదే జరుగుతోందంటే, వెతకాల్సింది మోటరు బయట.

తిరిగే డీసీ మోటరు అదే సమయంలో జనరేటరు కూడా. ఆర్మేచరు, అంటే లోపల తిరిగే తీగచుట్ట, అయస్కాంతాల మధ్య తిరుగుతూ బ్యాటరీకి ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. లెక్క కోసం 12 వోల్టుల మోటరు, లోపలి నిరోధం 0.6 ఓమ్ అనుకుందాం. 4 ఆంపియర్లు తీసుకుంటూ తిరిగేటప్పుడు ఎదురు వోల్టేజీ 9.6. తీగచుట్టలో వేడిగా పోయేది పది వాట్ల లోపే. బ్లేడు ఇరుక్కుని మోటరు ఆగిందంటే ఎదురు వోల్టేజీ సున్నా, కరెంటు 20 ఆంపియర్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జూల్ 1841లోనే ప్రచురించాడు. కరెంటు ఐదు రెట్లయింది కాబట్టి వేడి ఇరవై ఐదు రెట్లు, 240 వాట్లు. రేడియో రిపేరు షాపులో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటివి దాదాపు పది, పిడికెడు డబ్బాలో పెట్టి మూత వేసినట్టు.

పైగా వేడే వేడిని పెంచుతుంది. 80 డిగ్రీలు పెరిగితే రాగి తీగ నిరోధం 31 శాతం పెరుగుతుంది. లోపలి ఫెరైట్ అయస్కాంతాలు డిగ్రీకి 0.2 శాతం చొప్పున బలం తగ్గి, దాదాపు 16 శాతం నీరసిస్తాయి. అదే బ్లేడును లాగాలంటే అప్పుడు ఇంకా 19 శాతం ఎక్కువ కరెంటు కావాలి. రెండూ కలిస్తే, చల్లగా ఉన్నప్పుడు చేసిన పనికే ఇంచుమించు రెట్టింపు వేడి!

మన సీమ రైతుకు మోటర్లు కాలడం కొత్త కాదు. లో వోల్టేజీలో బోరు మోటరు ఎక్కువ కరెంటు లాగి కాలుతుందని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. వైపరు మోటరు ఆ రకం కాదు. దాని కరెంటు ముఖ్యంగా మోస్తున్న భారాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ తగ్గితే నెమ్మదిగా తిరుగుతుంది. కానీ బిగుతుగా ఉన్న చోటు దాటే బలం చాలక అక్కడే ఆగిపోవచ్చు. కాలేది అప్పుడు.

మర్నాడు ఒడ్డున వైపరు చెయ్యి విప్పి మోటరును ఒంటరిగా తిప్పాం. ఒకటిన్నర ఆంపియరుతో హాయిగా తిరిగింది. చెయ్యి తగిలించే ఇరుసును వేళ్లతో తిప్పితే మాత్రం కదలనంది. ఇరుసు తిరిగే గొట్టం, అదే బుష్షులో గ్రీజు ఎర్రదుమ్ముతో కలిసి తారులా గడ్డకట్టింది. కర్నూలు ఎండలో నెలల తరబడి అద్దానికి ఒత్తుకుని ఉన్న రబ్బరు బిరుసెక్కింది. అసలు కొలత దొరక్క ఎవరో పొడుగు బ్లేడు వేశారు. పొడుగు బ్లేడుతో రాపిడీ పెరుగుతుంది, ఆ రాపిడి ఇరుసుకు ఇంకా దూరంలో పనిచేస్తుంది.

వైరింగు సంగతి ఇంకా ముఖ్యం. లారీలో ఇనుప బాడీయే ఎర్త్. ఫైబరు పడవలో కరెంటు తిరిగి రావడానికి నెగటివ్ వైరు విడిగా బ్యాటరీ దాకా వెయ్యాలి. ఇక్కడ ఆ వైరు సన్నది, మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటుకు చిలుము పట్టింది. ఆ జాయింటు అర ఓమ్ అనుకోండి. మోటరు ఇరుక్కున్నా కరెంటు 11 ఆంపియర్లు దాటదు. 15 ఆంపియర్ల ఫ్యూజు పోదు. మోటరులో మాత్రం 70 వాట్లు మగ్గుతూనే ఉంటాయి. ఫ్యూజు పోలేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

స్విచ్ ఆపితే చాలనుకోవడమూ అంతే. వైపరు సగంలో ఆగకుండా అంచుకు చేరాలని మోటరు లోపల పార్కింగ్ కాంటాక్టు ఉంటుంది. మనం ఆపినా, బ్లేడు అంచు చేరేదాకా ఆ కాంటాక్టు నుంచి కరెంటు అందుతుంది. బ్లేడు మధ్యలో ఇరుక్కుంటే అంచు చేరేదెప్పుడు? స్విచ్ ఆఫ్‌లోనే ఉంటుంది, మోటరు కాలుతూ ఉంటుంది. అందుకే నీళ్ల మధ్య వైపరు ఆగితే ముందు ఫ్యూజు పీకాలి. తరవాతే బ్లేడు పైకెత్తి అడ్డు చూడాలి. వేడి మోటరు మీద నీళ్లు పోయకూడదు. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు సందుల్లోంచి తడిని లాక్కుంటుంది.

బుష్షు కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టాం. అసలు కొలత బ్లేడు, బ్యాటరీ దాకా జాయింటు లేని 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాం. స్టీరింగు పక్కన వైపరుకు విడిగా మెయిన్ స్విచ్ పెట్టాం. ఎండాకాలం బ్లేడు విప్పి లోపల పెట్టమని అతనికి చెప్పాను. మోటరు పాతదే. తడి అద్దం మీద అరగంట తిరిగాక, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు 3 ఆంపియర్లు చూపించింది.