నీళ్లకు సున్నా, గాలికి మైనస్ వెయ్యి... మరి ఎముకకు?

రేడియేషన్ చికిత్సకు ముందు మళ్లీ సీటీ తీయాలంటే "మొన్ననే తీయించాం కదా సార్, ఆ సీడీ పనికిరాదా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతుంటారు. చాలావరకు పనికిరాదు. చికిత్సప్పుడు ఎలా పడుకోబెడతారో స్కాన్‌లోనూ అలాగే, చదునైన బల్ల మీద పడుకోవాలి, అదొక కారణం. ఇంకోటి ఎవరూ పెద్దగా చెప్పరు: ఆ స్కాన్‌లోని అంకెలు ఈ ఆసుపత్రి లెక్కకు సరిపోకపోవచ్చు. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఓ అంకె ఉంటుంది, అక్కడున్నది ఎక్స్-రేలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె.

ఈ తంటా మొదటి మెషీన్ నాటిది. 1971 అక్టోబర్ 1న లండన్‌లో, వింబుల్డన్ దగ్గరి అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, ఈఎంఐ అనే కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన స్కానర్‌తో తొలిసారి ఓ పేషెంట్ తలను స్కాన్ చేశారు. అప్పటి స్కేలులో నీళ్లకు సున్నా, గాలికి మైనస్ 500. తర్వాత రెట్టింపు చేసి మైనస్ 1000 అన్నారు, ఇప్పుడూ అదే. గట్టిగా కట్టేసినవి ఈ రెండే. ఎముక అంకె మాత్రం ట్యూబుకి ఎన్ని కిలోవోల్టులు ఇచ్చారు, ఏ ఫిల్టర్ పెట్టారు, మనిషి సన్నమా లావా అన్నదాన్ని బట్టి మారుతుంది. జబ్బు కనిపెట్టే డాక్టరుకు బొమ్మ చాలు కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. డోసు లెక్కగట్టే ఫిజిసిస్టు మాత్రం ఆ అంకె నుంచే అక్కడి ఎలక్ట్రాన్ సాంద్రతను, అంటే అక్కడ ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో, రాబట్టాలి.

అందుకే ఫాంటమ్ వాడతారు. గుండ్రటి ప్లాస్టిక్ దిమ్మ, దానికి చిల్లులు, ఊపిరితిత్తి, కొవ్వు, కాలేయం, ఎముకలను పోలిన కడ్డీలు అందులో దిగుతాయి. స్కాన్ తీసి, ఒక్కో కడ్డీ సగటు అంకెను దాని సాంద్రతతో జతచేసి గీత గీసి, ఆ గీతను ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఎక్కిస్తారు. అదే ఎముక కడ్డీని 120 బదులు 80 కిలోవోల్టుల్లో తీస్తే అంకె వందల్లో పెరుగుతుంది, నీళ్లు మాత్రం సున్నా దగ్గరే ఉంటాయి. నీళ్లు ఒక్కటే చూసుకుని మెషీన్ బాగుంది అనుకుంటే అయినట్టే!

ఏళ్ల తరబడి దీన్ని ఎవరూ మరీ పట్టించుకోలేదు. మామూలు ఎక్స్-రే చికిత్సలో గీత కాస్త తప్పినా డోసులో తేడా సాధారణంగా 1–2 శాతం దాటదు. ఎక్స్-రేలకు బదులు ప్రోటాన్ కణాలతో చేసే చికిత్సలో అలా కుదరదు, అవి ఎక్కడ ఆగాలో ముందే లెక్కేసి పంపుతారు మరి. ఆ లెక్కలో 3.5 శాతం అనిశ్చితి పెట్టుకోవడం చాలాచోట్ల వాడుక. 20 సెంటీమీటర్ల లోతుకు అది 7 మిల్లీమీటర్లు, కణితి పక్కనే వెన్నుపాము ఉంటే టెన్షన్ పడాల్సినంత.

1996లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ష్నైడర్, పెడ్రోని, లోమాక్స్ ఓ దారి చూపారు. కడ్డీలు ప్లాస్టిక్, ఒంట్లో ఉన్నది కాల్షియం, ఫాస్ఫరస్. అందుకని కడ్డీలతో స్కానర్ స్వభావం పట్టుకుని, అసలు కణజాలాల అంకెలు వాటి రసాయన కూర్పు నుంచి లెక్కించాలన్నారు. దాదాపు అందరూ ఒప్పుకున్నారు, కానీ ఎవరి ఫాంటమ్ వాళ్లది, ఎవరి గీత వాళ్లది. యూరప్ కేంద్రాల మీద 2018లో వచ్చిన సర్వేలో ఇది బయటపడింది, తర్వాత ఒకే ఫాంటమ్‌లను కేంద్రాల మధ్య తిప్పితే ఎముకల దగ్గర తేడాలు బాగా కనిపించాయి. చివరికి 2023లో ఉమ్మడి మార్గదర్శకం వచ్చింది. గీత అందరికీ ఒకటే కాదు, స్కానర్లు వేరు కదా, గీసే తీరు ఒకటి. అప్పటికే 2019లో చెన్నైలో ప్రోటాన్ చికిత్స మొదలైంది.

లోహాల సంగతి మాత్రం ఏ గీతకూ లొంగదు. మామూలు స్కేలు 3071 దగ్గర ఆగిపోతుంది, తుంటిలో టైటానియం ఉన్నా స్టీలు ఉన్నా ఒకే అంకె. అప్పుడు ఫిజిసిస్టు ఆ లోహం చుట్టూ చేత్తో హద్దు గీసి, సాంద్రత తనే టైపు చేయాలి. అందుకోసం ముందు అది దేనితో చేసిందో తెలియాలి, పాత ఆపరేషన్ కాగితాలు అడిగేది అందుకే.