ఈల్డు తొంభై, మరి మిగతా పది?

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోని బల్క్ డ్రగ్ (మాత్రల్లోకి వెళ్లే అసలు మందు) ఫ్యాక్టరీల్లో బ్యాచ్ దిగిందంటే అందరూ అడిగేది ఈల్డు ఎంతొచ్చిందనే, అంటే రావాల్సిన సరుకులో నూటికి ఎంత చేతికొచ్చిందని. రణస్థలం, ఎచ్చెర్ల చుట్టుపక్కల కెమిస్ట్రీ చదివి షిఫ్టుల్లో చేరే పిల్లలకు అప్పటిదాకా అది పరీక్షలో వచ్చే లెక్క మాత్రమే. రియాక్టర్లో పోసిన సరుకు ఎటు పోయిందో అడిగే లెక్క అది.

పారాసెటమాల్‌నే తీసుకుందాం. పారా అమైనోఫినాల్, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిస్తే పారాసెటమాల్, దాంతోపాటు ఎసిటిక్ ఆమ్లం వస్తాయి. మొదటిది 218 కిలోలు, రెండోది 214 కిలోలు వేశామనుకోండి. ముందు ఏది అయిపోతుంది? బరువు తక్కువున్నదే అనిపిస్తుంది. కానీ అణువులు కలిసేది బరువును బట్టి కాదు, సంఖ్యను బట్టి. ఇక్కడ ఒకటికి ఒకటి. అణుభారాలు 109, 102. బరువును అణుభారంతో భాగిస్తే అణువుల సంఖ్యకు కొలత అయిన కిలోమోల్ వస్తుంది. అలా చూస్తే అమైనోఫినాల్ 2 కిలోమోల్‌లు, ఎన్‌హైడ్రైడ్ దాదాపు 2.1. అంటే బరువెక్కువున్న అమైనోఫినాలే ముందు అయిపోతుంది. లిమిటింగ్ రీఏజెంట్ అదే. ఎన్‌హైడ్రైడ్ కాస్త ఎక్కువ వేయడం కావాలని చేసే పని. అమైనోఫినాల్ కిడ్నీలకు చేటు, మాత్రలో మిగలకూడదు. మిగిలిన ఎన్‌హైడ్రైడ్ అయితే నీళ్లు తగిలితే ఎసిటిక్ ఆమ్లమైపోతుంది.

2 కిలోమోల్‌లకు రావాల్సిన పారాసెటమాల్ (అణుభారం 151) 302 కిలోలు. ఆరబెట్టి తూస్తే 272 వచ్చిందనుకుంటే ఈల్డు 90 శాతం. ఆరబెట్టడం ఇక్కడ చాలా ముఖ్యం. సెంట్రిఫ్యూజ్ నుంచి తీసిన తడిపొడినే తూచి 105 శాతం అని రాస్తే, వంద దాటించింది నీళ్లే.

మిగతా 30 కిలోలు? కొంత మదర్ లిక్కర్లో, అంటే పొడిని వడకట్టాక మిగిలే ద్రవంలో, కరిగి ఉండిపోతుంది. కొంత ఫిల్టర్ గుడ్డకూ పైపులకూ అంటుకుంటుంది. కొంత అమైనోఫినాల్ గాలి తగిలి నల్లబడి అసలు మందే కాకుండా పోతుంది. ఇది ఒక్క మెట్టు సంగతి. ఐదు మెట్ల మందైతే, మెట్టుకు 90 చొప్పున పోయినా చివరికి దక్కేది 59 శాతమే.

నూటికి నూరు వచ్చిందనుకున్నా, 302 కిలోల మందుతో పాటు 120 కిలోల ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఈల్డులో దాని ఊసే ఉండదు. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త బారీ ట్రోస్ట్ 1991లో ‘ఆటమ్ ఎకానమీ’ అనే కొలత ప్రతిపాదించింది ఇలాంటి చోట్ల కోసమే. కలిసిన పదార్థాల బరువులో మందులోకి చేరేదెంత అని అది అడుగుతుంది. ఈ చర్యలో 109, 102 కలిపితే 211, అందులో మందు 151, అంటే సుమారు 72 శాతం. గెడ్డల (వాగుల) పక్కన ఊళ్లున్న చోట ఈల్డు పక్కనే ఈ అంకెనూ రాయాలని నేను గట్టిగా అంటాను. ఆ ఆమ్లాన్ని వేరు చేసి పట్టుకుంటే అమ్ముకునే సరుకే, వదిలేస్తే వ్యర్థజలాలను శుద్ధి చేసే ఎఫ్లుయెంట్ ప్లాంటు మీద పడే భారం.